మన సహవాసం 2024–25 వార్షిక నివేదిక: ఆదరణ కూడికల్లో మాట తగ్గించిన ఏడాది

సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

పోయినేడు నేను నివేదిక చదువుతుంటే వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోయారని తర్వాత తెలిసింది. అందుకే ఈసారి జమాఖర్చుల కాగితాన్ని కోశాధికారి గారు విడిగా పంచుతారు. క్రిస్మస్, ఈస్టర్, స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థనలు, సండే స్కూలు పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు గోడకి అంటించాం, చూసుకోండి. ఇక్కడ చెప్పబోయేది కష్టంలో ఉన్న ఇళ్లకి మనం వెళ్లిన సంగతి. ఈ ఏడాది మనం ఎక్కువగా చేసిన పని అదే, తప్పులు చేసిందీ అందులోనే.

తప్పు ముందు చెబుతాను. వర్షాకాలంలో మన సభ్యుల ఇంట్లో కాలేజీ చదివే కుర్రాడు చనిపోయాడు. భూస్థాపన అయిన మూడో రోజు ఆదరణ కూడిక, అంటే ఆ ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థన, పెట్టాం. నలుగురం మాట్లాడాం, అందులో నేనూ ఉన్నాను. "దేవుని చిత్తం" అన్నాం. "మంచివాళ్లని ప్రభువు ముందే పిలుచుకుంటాడు" అన్నాం. "మీకింకా ఇద్దరు పిల్లలున్నారు కదా" అని కూడా అన్నాం. తల్లి లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత చాలా ఆదివారాలు చర్చికి రాలేదు. స్త్రీల సమాజం నుంచి ఒక వదినమ్మ వెళ్లి కూర్చుంటే ఆమె అన్న మాటని కమిటీలో ఉన్నదున్నట్టు చెప్పారు: "మీరంతా వచ్చి దేముడి తరఫున సాక్ష్యం చెప్పి ఎల్లిపోనారు. నా తరఫున ఎవులు మాటాడారు?"

కమిటీలో చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి యోబు గ్రంథం రెండో అధ్యాయం ఆఖరి వచనం చదివారు. యోబు స్నేహితులు ముగ్గురూ వచ్చి, అతని బాధ ఎంత పెద్దదో చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కనే కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ పుస్తకం మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక అన్నీ మనం అన్నటువంటి మాటలే అన్నారు, 42వ అధ్యాయంలో దేవుడి కోపానికి గురయ్యారు. బేతనియలో చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి వెళ్తూ ప్రభువు కూడా, కాసేపట్లో అతన్ని బతికించి లేపబోతున్నానని తెలిసి ఉండి, ముందు ఏడ్చాడు. "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న వచనం సండే స్కూలు పిల్లలకి కూడా వచ్చు, చిన్నది కాబట్టి. మనకే ఆ పూట గుర్తు రాలేదు.

అప్పుడు చేసిన తీర్మానం ఇది. చావు జరిగిన ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ప్రసంగం ఉండదు. అన్నం క్యారేజీ పట్టుకెళ్లాలి, కూర్చోవాలి, వాళ్లు మాట్లాడితే వినాలి. అడిగితే ఒక కీర్తన, చిన్న ప్రార్థన. కారణాలు చెప్పకూడదు. దీనికి పెద్దల్లో ఇద్దరు గట్టిగా అడ్డం పడ్డారు. "వాక్యం లేని ఆదరణ ఏమిటి? అలాగైతే మనకీ పక్కింటివాళ్లకీ తేడా ఏమిటి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు తోచింది చెబుతాను. 150 కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలే, ఏడుపులే. 88వ కీర్తనైతే చివరి దాకా వెలుగన్నదే లేకుండా చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. కాబట్టి ఏడుపు కూడా వాక్యమే. ఆ కీర్తన చదివి ఊరుకుంటే వాక్యం లేకుండా పోయినట్టు కాదు. పెద్దలు పూర్తిగా ఒప్పుకోలేదు, ఒక ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాది ఇంకా అవలేదు.

ఆ తల్లి ఇప్పుడు వస్తోంది. వెనక వరసలో కూర్చుని, ఆఖరి పాట కాకముందే వెళ్లిపోతుంది. ఆపి పలకరించొద్దని మనవి.

ఇక భాష సంగతి. మన తాతలు ఊరు కదలకుండానే, సరిహద్దు మారి, 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చారు. 1992లో మన ప్రాంతం గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయ్యింది. ఇళ్లలో మాత్రం ప్రార్థన తెలుగులోనే. ఈ ప్రాంతం నుంచే వచ్చిన పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు మన అవ్వలకి పుస్తకం చూడకుండా వచ్చు. మనవలు ఒడియా మీడియం, తెలుగు వింటారు, మాట్లాడతారు, చదవలేరు. కంట్లో పొర వచ్చాక అవ్వకి బైబిలు చదివిపెట్టే మనిషి ఇంట్లోనే లేకుండా పోతున్నాడు.

దీనికి యవ్వనస్థులు ఒక ఉపాయం చేశారు. ఇరవై మూడో కీర్తనతో మొదలుపెట్టి కొన్ని కీర్తనలని తెలుగులోనే, ఒడియా అక్షరాల్లో రాశారు. నోట్‌బుక్కు జిరాక్సులు ఇంటింటికీ ఇచ్చారు. ఇబ్బందులు లేకపోలేదు. ఒడియాలో ఎ, ఏ అని రెండు అక్షరాలు లేవు, నెల అన్నా నేల అన్నా ఒకేలా రాయాలి. వ రాయడానికి పిల్లలకి అలవాటైన అక్షరం బ. దాంతో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వాళ్ల అవ్వ మంచం పక్కన కూర్చుని శ్రద్ధగా "దేబుడు" అని చదివాడు. అవ్వ "ఏటిరా నాయనా, ఆ దేబుడెవులు?" అని నవ్వింది. తాత పోయాక ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదలని కోడలు చెప్పింది. కుర్రాడికి కోపం వచ్చి వారంలో తెలుగు గుణింతాలు నేర్చుకున్నాడు. మేము ఇదంతా ముందే ఆలోచించి చేశామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆసుపత్రికి తోడు వెళ్లే పని కూడా ఇందులోంచే పుట్టింది. డాక్టరు గారు ఒడియాలో అడుగుతారు, మన పెద్దవాళ్లు తెలుగులో చెబుతారు. బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రికి పంపితే అక్కడా అంతే. భాష కోసం ఆంధ్రా వైపు పాతపట్నం దాటి శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో వెళ్తే ఆధార్, హెల్త్ కార్డు ఒడిశావి. కార్డు ఒక రాష్ట్రానిది, నాలుక ఇంకో రాష్ట్రానిది. అందుకని మనవాళ్లు వంతులవారీగా తోడు వెళ్తున్నారు. ఒకసారి ఒక విధవరాలు "గుండె రాయైపోనాది బాబూ" అంటే, తోడు వెళ్లిన అబ్బాయి దాన్ని మాటకి మాటగా ఒడియాలో చెప్పేశాడు. వెంటనే ఈసీజీ తీశారు. ఏమీ లేదని తేలింది. ఆ అబ్బాయి సిగ్గుపడ్డాడు గానీ ఆవిడ మాత్రం ఇంటికొచ్చి, నా గుండె గురించి ఒకరు కాగితం తీసి చూశారు అని అందరికీ చెప్పుకుంది.

స్వస్థత గురించి కొంచెం కఠినంగానే రాయాలి. మన సభ్యుడొకరికి టీబీ. మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గింది. వేరే ఊళ్లో జరిగిన స్వస్థత కూటానికి వెళ్లి, జబ్బు పోయిందని స్టేజీ మీద సాక్ష్యం చెప్పి, మందులు మానేశాడు. కొన్నాళ్లకి దగ్గు తిరిగొచ్చింది. ఇలా మధ్యలో మానేస్తే క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయి, ఇంట్లో పిల్లలకీ అంటుకోవచ్చు. అతను దేవుడి మీద విశ్వాసం తక్కువై మళ్లీ మందుకి వెళ్లాడని గుసగుసలు నా చెవినా పడ్డాయి. హిజ్కియా రాజు చావు మంచం మీద ప్రార్థన చేస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అదే కథలో రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. ప్రార్థనకి జవాబు వచ్చాకే కట్టు కట్టారు. సువార్త రాసిన లూకా వైద్యుడు. అపొస్తలుడు పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. పౌలుకి విశ్వాసం తక్కువని అనే ధైర్యం ఎవరికైనా ఉందా? పక్క రాయగడ జిల్లా బిస్సమ్‌కటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ గారు ఆసుపత్రి మొదలుపెట్టింది కూడా ఈ విశ్వాసంతోనే.

అతను మళ్లీ మందులు మొదలుపెట్టాడు. మాత్ర వేసుకునే వేళకి ఎదురింటి మావయ్య వచ్చి ఒక నిమిషం ప్రార్థన చేసి వెళ్తున్నారు. టీబీ రోగులకి పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు 1 నుంచి నెలకి వెయ్యి రూపాయలైంది. పేరు నమోదు, బ్యాంకు ఖాతా సరిచూసుకోవాల్సినవాళ్లు మొహమాటపడకుండా నన్ను కలవండి.

అక్టోబరులో దానా తుపాను ఉత్తరాన భితరకనిక, ధామ్రా మధ్య తీరం దాటింది. మనకి గట్టి దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి మన వీధుల్లో చాలామంది పడుకోలేదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానుని ఎలా మర్చిపోతాం? పలాస దగ్గర తీరం దాటి మన జిల్లాని ముంచేసింది. బరఘరా దగ్గర కొండచరియ విరిగి పదిమందికి పైగా పోయారు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, టెన్షన్. ఆ రాత్రి చర్చి తలుపులు తెరిచి ఉంచాం. పాటలు పాడదామనుకున్నాం, మూడు పాటలయ్యాక ఎవరో తిత్లీ నాటి కథ ఎత్తుకున్నారు. ఇక తెల్లారేదాకా ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. ఆరేళ్లలో ఎన్ని ప్రార్థన కూటాలు పెట్టాం, ఆ భయాన్ని నోరారా చెప్పుకోవడం మాత్రం అదే మొదటిసారి. టీ పొడి అయిపోయింది, ఆ ఖర్చు లెక్కల కాగితంలో "ఇతరములు" కింద ఉంది.

నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విసుగు వారాల తరబడి ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరుకీ చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే మనసు బాధలు వినే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, భాష ఎంచుకోవచ్చు. నంబరు నోటీసు బోర్డు మీద రాశాం. సున్నం వేసేటప్పుడు ఒకసారి చెరిపేశారు, మళ్లీ రాశాం.

చేస్తామని చేయనివి: లైబ్రరీ బీరువా కొనలేదు. సమాధుల తోట ప్రహరీ సగంలో ఆగింది. మైకు సౌండు తగ్గిస్తామని ఇరుగుపొరుగుకి ఇచ్చిన మాట డిసెంబరులో తప్పాం, వెళ్లి క్షమాపణ చెప్పాం.

ఆసుపత్రికి తోడు, కష్టంలో ఉన్న ఇళ్లకి క్యారేజీ, ఈ రెండింటికీ వారాల వంతు కాగితం చెప్పులు విడిచే చోట గోడకి వేలాడదీశాం. పెన్ను దారంతో కట్టి ఉంది. జూన్ నిండింది. జూలై రెండో వారానికి ఇంకా ఎవరూ పేరు రాయలేదు.

కార్యదర్శి