లోక్‌సభ స్పీకర్ గారికి: సభలో జనం కనిపించాలి

గౌరవనీయులైన స్పీకర్ గారికి నమస్కారం.

2024 ఎన్నికల్లో 543 స్థానాల్లో గెలిచిన మహిళలు 74 మంది. జనాభాలో దాదాపు సగం ఉన్నవాళ్లకు సభలో ఏడో వంతు కూడా దక్కలేదు. ఇది నాకు చాలా బాధగా ఉంది. అందుకే చట్టసభల్లో మహిళా కోటా గురించి రాస్తున్నాను.

ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 సీట్లు రాజ్యాంగం ప్రకారం కేటాయించకపోతే పార్టీలు వాళ్లకు ఇన్ని టికెట్లు ఇచ్చేవా? జనరల్ సీట్లలో దళితులకు టికెట్ దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. కోటాతో ప్రతిభ పోతుందనేవాళ్లు, డబ్బు, వారసత్వం చూసి ఇచ్చే టికెట్ల గురించి మాట్లాడరేం?

మహిళ గెలిస్తే భర్తే పెత్తనం చేస్తాడంటారు. పంచాయతీల్లో అది ఉంది, కాదనను. ఆమె సంతకం పెడుతుంది, కుర్చీలో ఆయన కూర్చుంటాడు. కానీ 1992లో పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ వచ్చాకే కదా, గ్రామసభలో లేచి నిలబడి, మంచినీళ్ల పైపులైను ఎందుకు ఆగిందని ఇంజనీరును నిలదీసే మహిళా సర్పంచులూ వచ్చారు! పదవే ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చే మహిళా బిల్లు మొదట 1996లో సభకొచ్చింది. 2023లో 106వ సవరణగా ఆమోదం పొందినా, అమలును జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. అందులో బీసీ మహిళలకు ఉపకోటా లేదు. రాజ్యసభ ఊసే లేదు. ఈ రెండు లోపాల మీద సభలో పూర్తి రోజు చర్చకు సమయం కేటాయించండి.

ఇట్లు,
ఒక ఓటరు