గీతల వరస గురించి నువ్వడిగావు కదా

మామా,

నీ ఉత్తరం చేరింది. ఇంటి సంగతులకి జవాబు తీరిగ్గా ఇంకోసారి రాస్తాను. ముందు చివర్లో నువ్వు గిలికిన ప్రశ్న సంగతి చూద్దాం: "చైనా అక్షరం ఎటునుంచి గీస్తే ఏంట్రా, చివరికి బొమ్మ కుదిరితే చాలదా?" ఈ నాన్‌జింగ్‌లో మా క్లాసు మొత్తానికీ మొదట వచ్చిన డౌటు అదే.

పెన్నూ కాగితం తీసుకో. ఇక్కడ పదిని మన ప్లస్ గుర్తులాగే రాస్తారు. అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. మొత్తం మీద పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి. ఇప్పుడు నోరు అనే అక్షరం, ఖౌ. చూడ్డానికి ఉత్త చతురస్రం. సున్నాలు చుట్టి అలవాటైన తెలుగు చెయ్యి కదా, ఒక్క ఊపులో చుట్టేద్దామనిపిస్తుంది. లేదా నాలుగు వైపులున్నాయి కాబట్టి నాలుగు గీతలు అనుకుంటాం. రెండూ కాదు, మూడు. ఎడమ నిలువు ఒకటి. పైన అడ్డంగా వెళ్లి, పెన్ను ఎత్తకుండా కుడిపక్క కిందికి దిగేది రెండోది. అడుగున మూసేది మూడోది. అదే డబ్బా లోపల ఇంకేదైనా ఉంటే, దేశం అనే అక్షరంలోలాగా, లోపలిదంతా రాశాకే అడుగు మూయాలి. "మనుషులు లోపలికొచ్చాక తలుపెయ్యాలి" అని పిల్లలకి చెప్తారు.

ఆ పిల్లలు గాల్లో వేలితో రాస్తూ గీతల పేర్లు పైకి అంటారు. హెంగ్ అంటే అడ్డం, షు నిలువు, ఫియె ఎడమకి జారేది, నా కుడికి జారేది. మాదీ అదే తంతు. గడ్డాలూ మీసాలూ వచ్చినవాళ్లం వరసగా కూర్చుని వేళ్లు ఊపుతుంటే నువ్వు పడీపడీ నవ్వేవాడివి.

ఇక నీ ప్రశ్న. అచ్చులో చదవడం వరకే అయితే నువ్వన్నది కరెక్టే. కానీ చేత్తో అచ్చులా రాసేవాళ్లు ఎంతమంది? మీ తాతయ్య కరణీకం నాటి కాగితాల్లో గొలుసుకట్టు రాత గుర్తుందా, మనిద్దరం తలకిందులైనా ఒక్క ముక్క అర్థం కాలేదు? ఇక్కడా అంతే. గబగబా రాసేటప్పుడు పెన్ను పూర్తిగా లేవదు, ఒక గీత చివరనుంచి తర్వాతి గీత మొదటికి సన్నటి జాడ పడుతుంది. వరస తెలిసినవాడు ఆ జాడ పట్టుకుని అక్షరం చెప్పేస్తాడు. తెలియనివాడు చిన్న హోటల్లో చేతిరాత మెనూ ముందు నిలబడి పక్కవాడి ప్లేటు చూపించాల్సిందే. 1956లో ప్రభుత్వం అక్షరాల్ని తేలిక చేసినప్పుడు కూడా చాలావాటికి ఈ గొలుసుకట్టు రూపాలనే తీసుకుంది. పుస్తకం అనే అక్షరానికి పాత లెక్కలో 10 గీతలు, ఇప్పుడు 4.

ఫోన్‌లో కూడా గీతలతో టైప్ చేసే పద్ధతి ఒకటుంది. ఐదే మీటలు, ఒక్కో రకం గీతకి ఒక్కోటి. వరసగా నొక్కుతూ పోతే నాలుగైదు గీతలకే కావలసిన అక్షరం పైకి వచ్చేస్తుంది. వరస తప్పితే రాదు.

అసలు తమాషా ఏంటంటే, ఈ వరస అన్నిచోట్లా ఒకటి కాదు. ఇవే అక్షరాలు వాడే జపాన్‌లో విద్యాశాఖ 1958లో ఈ వరస మీద ఒక పుస్తకం వేసింది, తైవాన్ 1996లో, చైనా 1997లో 7,000 అక్షరాలకి. పొలం అనే అక్షరం డబ్బాలో ప్లస్ గుర్తు పెట్టినట్టుంటుంది. చైనాలో ఆ ప్లస్‌కి అడ్డగీత ముందు, జపాన్‌లో నిలువుగీత ముందు. మీ తమ్ముడు జపనీస్ నేర్చుకుంటున్నాడన్నావుగా, నీ పొలం చూసి "ఇలా కాదన్నయ్యా" అంటే గొడవపడకు, ఇద్దరూ రైటే. నా మటుకు నేను ఏదో ఒకటి పట్టుకుని దానికే కట్టుబడమంటాను. రెండూ కలిపితే చేతికి ఏదీ అలవాటు కాదు.

మొదలుపెట్టేట్టయితే యోంగ్, అంటే శాశ్వతం, అనే అక్షరంతో మొదలుపెట్టు. గీతలు ఐదే, కానీ బ్రష్ పట్టేవాళ్లు నేర్వాల్సిన ఎనిమిది రకాల పోకడలూ అందులో ఉన్నాయంటారు. పేజీనిండా గళ్లు, ఒక్కో గడిలో మళ్లీ అడ్డం, నిలువు, ఐమూల చుక్కల గీతలు వేసిన నోటుపుస్తకం ఇక్కడ ప్రతి స్టేషనరీ షాపులోనూ దొరుకుతుంది. వచ్చేటప్పుడు నీకు రెండు తెస్తాను. ఈలోగా ఏ గ్రాఫు కాగితం మీదో రాసి పంపు. ఫొటో కాదు, వీడియో తియ్యి. ఫొటోలో వరస కనపడదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఉంటాను మామా.