అమ్మకు విడిగా ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో 1984 నుంచి ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచినవాణ్ని. మా దిక్కు దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ పోయినవాళ్లు చాలామంది. ఎర్ర, నీలం గీతల అంచున్న కవరు నా సంచిలో ఉందంటే ఆ పూట ఆ ఇంట్లో నాకు చాయ్ ఖాయం. చాలా ఇళ్లల్లో చదివి వినిపించేదీ, జవాబు రాసిపెట్టేదీ నేనే.

అవ్వ బీడీల చేట పక్కన పెట్టి, చేతులకంటిన తంబాకు దులుపుకొని కూర్చునేది. చదవడం అయిపోతే 'మళ్లొకసారి సదువు కొడుకా' అనేది. వారం తర్వాత నేను వేరే ఇంటికి పోతుంటే పిలిచి మళ్లీ అదే ఉత్తరం చేతికిచ్చేది. మడతల దగ్గర చిరిగితే మెతుకులతో అతికించి దాచుకున్న ఉత్తరాలు నేను ఎన్నో చదివాను.

ఆ రోజులే మంచివని నేను అనను. 'నేను బాగున్నాను' అన్న ఉత్తరం చేరడానికి పదిహేను, ఇరవై రోజులు పట్టేది. ఈలోపు అక్కడ ఏం జరిగిందో ఎవరికి తెలుసు? ఆ టెన్షన్ ఏ తల్లికీ వద్దు. 2016లో జియో వచ్చాక పల్లెల్లో నెట్ చవకైంది, కొడుకు ముఖం రోజూ కనబడుతోంది. సంతోషమే.

కానీ ఆ ఫోన్ కోడలిది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ దానికి అనుమతి లేదు. అందుకని మావాళ్లు బోటిమ్ లాంటి వేరే కాలింగ్ యాప్‌లలో చేస్తారు. డ్యూటీ దిగి, క్యాంపుకు చేరి, వండుకు తిని ఫోన్ చేసేసరికి అక్కడ తొమ్మిది, ఇక్కడ పదిన్నర. అప్పటికి అవ్వ పడుకుంటుంది. మెలకువగా ఉన్నా ఆఖర్న ఫోన్ ఆమె ముఖం ముందు పెడతారు. కంట్లో శుక్లాలు, తెరమీద ఏమీ ఆనదు. 'తిన్నవా బిడ్డా?' 'తిన్ననే.' అంతలో కాల్ కట్ అవుతుంది. కోడలిని తప్పుపట్టలేం, మొగుడితో మాట్లాడుకోవడానికి ఆమెకు దొరికేదీ ఆ అరగంటే. కాకపోతే ఉత్తరం తల్లి పేరు మీద వచ్చేది, ట్రంకుపెట్టెలో ఉండేది. ఈ కాల్‌లో ఆమెకంటూ మిగిలేదేమీ లేదు.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లు మీ పత్రికను ఫోన్‌లో చదువుతారని తెలుసు. వాళ్లకు నా మనవి. కాల్ కలవకపోయినా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పోతుంది. వారానికొకటి, అమ్మ కోసమే పెట్టండి. ఏం వండుకున్నారు, రూములో ఎవరెవరున్నారు, ఎండ ఎట్లుంది, అన్నీ చెప్పండి. బడి నుంచి వచ్చాక మనవడో మనవరాలో వినిపిస్తారు, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు.

మా వాడకట్టులో ఒక అవ్వ కొడుకు షార్జాలో ఉన్నాడు. నేను చెబితే పోయిన దసరా ముందు రెండు నిమిషాల మెసేజ్ పెట్టాడు. వెనక ఏసీ చప్పుడు, ఎవరో హిందీలో కేకేయడం కూడా వినబడ్డాయి. ఆమె ఏడుసార్లు పెట్టించుకుంది. తర్వాత మనవడు మైకు గుర్తు నొక్కిపట్టి 'ఇగ మాట్లాడు నానమ్మా' అన్నాడు. ఆమె గొంతు సవరించుకుని, అప్పట్లో నాతో రాయించినట్టే మొదలుపెట్టింది: 'ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను.'

– విశ్రాంత గ్రామీణ పోస్ట్‌మ్యాన్,
కోరుట్ల మండలం, జగిత్యాల జిల్లా