ముందు దూలం సంగతి అడుగు

రాజమండ్రి

అమ్మలూ,

నువ్వు ఫోన్లో ఆపరేషన్ మాట చెప్పినప్పుడు ఊఁ కొట్టి ఊరుకున్నాను. కోపం వచ్చిందనుకున్నావేమో, కాదు. మీ అమ్మ పక్కనే ఉంది, మాట పెరుగుతుందని ఆగాను. "కోటేరు వేసినట్టున్న ముక్కుకి కోతలేంటి" అని తను ఇంకా గొణుగుతూనే ఉంది.

ముక్కు మీది ఆ మిట్ట తీయించుకోవడం నీ ఇష్టం. అందం ఎందుకని నేను అడగను. ఇన్నేళ్లుగా అద్దంలో చూసుకుంటున్నది నువ్వు, మేం కాదు. నేను అడిగేది ఒక్కటే: మిట్ట తీసేటప్పుడు గాలి దారి సంగతి ఏం చేస్తారు?

నా ముక్కు మధ్యలో పల్లం చూస్తూ పెరిగావు. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలిందని నీకు చెప్పేవాణ్ని. అబద్ధం. 1996లో, ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకరగా ఉందని ఆపరేషన్ చేశారు. అప్పట్లో వంకరున్న కార్టిలేజ్‌ని, అదే మెత్తటి ఎముకని, చాలావరకు తీసేసే పద్ధతి ఉండేది. రెండు రంధ్రాల్లోనూ గాజుగుడ్డ కుక్కారు, రెండు రోజులు నోటితోనే ఊపిరి. మూడో రోజు నర్సమ్మ దాన్ని లాగుతుంటే, పూలమ్మి మాల కొలుస్తున్నట్టు మూరలకు మూరలు వస్తూనే ఉంది. ఆ తర్వాత ఆర్నెల్లు హాయిగా గాలి ఆడింది. పిమ్మట మెల్లగా మధ్యలో కుంగింది, కుంగిన చోటే మళ్లీ ఊపిరి ఇరుక్కుంది. ఎంత తీస్తారు, ఎంత ఉంచుతారు అని అడగాలని నాకు తట్టలేదు.

దూలం అని మనవాళ్లు ఊరికే అనలేదు. తాతగారి పెంకుటింట్లో దూలానికి చెదపట్టి వంగితే వాసాలు లోపలికి ఒరిగాయి, వసారాలో తల వంచుకుని నడిచేవాళ్లం, గుర్తుందా? ముక్కూ అంతే. ఆ మధ్య గోడే పైకప్పుని మోసేది. అందుకే ఇప్పుడు వంకర సరిచేసినా ముందువైపూ పైవైపూ కనీసం సెంటీమీటరు వెడల్పు పట్టీని తీయకుండా వదులుతారు.

నాది గాలి కోసం వెళ్తే రూపు చెడింది. నీది రూపు కోసం వెళ్తే గాలి చెడకూడదు. మిట్టలో పైభాగం ఎముక, కిందిది కార్టిలేజ్. దాన్ని చెక్కాక సరిగా నిలబెట్టకపోతే, దూలాన్ని అంటిపెట్టుకున్న పక్క కార్టిలేజ్ రేకులు పట్టు వదిలి, నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ లోపలికి వాలతాయి. గాలి దారి అన్నిటికంటే ఇరుకుగా ఉండేది సరిగ్గా అక్కడే. రేకుకీ మధ్యగోడకీ నడుమ కోణం మామూలుగానే 10 నుంచి 15 డిగ్రీలు ఉంటుందట. అది ఇంకాస్త మూసుకుంటే, బయటికి ఎంత నాజూగ్గా కనిపించినా రాత్రి నోరు తెరుచుకుని పడుకోవాల్సిందే.

దీనికి ఉపాయం ఉంది. మధ్యగోడ నుంచే సన్నటి పట్టీలు తీసి దూలానికి అటూ ఇటూ కుట్టి దారిని వెడల్పుగా ఉంచుతారు, స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటారు. కాకపోతే దాంతో ముక్కు మధ్యభాగం పిసరంత వెడల్పు కావచ్చు. నువ్వు ఫోన్లో దాచుకున్న ఆ సన్నటి ముక్కుల ఫొటోలకీ దీనికీ అక్కడే పేచీ. డాక్టరు దగ్గర ఆ పిసరు గురించే బేరమాడు. తెగిన ముక్కుని అతికే పద్ధతి చెప్పిన సుశ్రుతుడు కూడా ఊపిరి కోసం రంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టమన్నాడు.

వెళ్లేముందు ఒక పని చెయ్యి. అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన చెంప మీద రెండు వేళ్లు ఆనించి పక్కకు లాగి పీల్చు. ఒక్కసారిగా గాలి బాగా ఆడితే ఆ ఇరుకు చోటు ఇప్పటికే ఇబ్బంది పెడుతోందేమోనని డాక్టరుతో చెప్పు. కాసేపు ఒకవైపు, కాసేపు రెండోవైపు మూసుకోవడం అందరికీ ఉండేదే, దానికి టెన్షన్ పడకు. నీకు కుడివైపు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, అది వేరు. రాత్రిళ్లు వేసుకునే ఆ చుక్కల మందు సంగతి కూడా దాచకుండా చెప్పు. దాన్ని రోజుల తరబడి వాడితే అదే ముక్కుని మూసేస్తుంది.

దూలం వంకరుంటే రెండూ ఒకే ఆపరేషన్‌లో చేయొచ్చు. అందం భాగానికి ఇన్సూరెన్స్ రాదు, ఆ డబ్బు నేను చూసుకుంటా. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు, కొన్ని వారాలు కళ్లద్దాల బరువు ముక్కు మీద పడకూడదు. మాఘంలో ముహూర్తం అంటున్నారు కాబట్టి, పెళ్లి అయ్యాకే పెట్టుకుంటే నయమేమో, ఆలోచించు.

గురువారం అపాయింట్‌మెంట్ అన్నావుగా. బుధవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నా. మా పెళ్లి ఫొటో కూడా తెస్తున్నా. అందులో నా ముక్కు మీద మిట్ట ఉంది, అచ్చం నీదే.

నాన్న