బిట్లలో ఎగిరిపోతున్న ప్లస్‌లు, మైనస్‌లు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. నేను చదివింది బీఎస్సీ ఎంపీసీ. ఈఏపీసెట్, నీట్ సీజన్ వచ్చిందంటే మీ విద్యా పేజీలోని బిట్లు కత్తిరించి తెచ్చి కాపీలు తీయించుకునే పిల్లలతో షాపు నిండిపోతుంది. ఆ బిట్లలో కెమిస్ట్రీ గురించే ఈ ఉత్తరం.

మొన్న ఒక ఇంటర్ అమ్మాయి కటింగ్ చూపించి, "అంకుల్, దీనికి మూడు ఆన్సర్లు వస్తున్నాయి" అంది. కార్బన్ మోనాక్సైడ్‌తో ఐసోఎలక్ట్రానిక్ కానిది, అంటే దానితో సమానంగా ఎలక్ట్రాన్లు లేనిది ఏది అని ప్రశ్న. ఆప్షన్లు ఎన్2, ఎన్‌ఓ, సీఎన్, ఓ2. కీలో నాలుగోది ఇచ్చారు. కార్బన్‌కు 6, ఆక్సిజన్‌కు 8, వెరసి 14 ఎలక్ట్రాన్లు. నైట్రోజన్ అణువులో ఏడూ ఏడూ పద్నాలుగు, సరిపోయింది. కానీ ఎన్‌ఓలో 15, సీఎన్‌లో 13, ఓ2లో 16. మూడూ కానివే! ప్రశ్న రాసిన మాస్టారు ఎన్‌ఓ నెత్తిన ప్లస్, సీఎన్ నెత్తిన మైనస్ పెట్టే ఉంటారు. ప్లస్ ఉంటే ఒక ఎలక్ట్రాన్ తగ్గి 14, మైనస్ ఉంటే ఒకటి పెరిగి 14. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ ఫాంటు మార్చి పేజీలో పెట్టేటప్పుడు ఇలాంటి గుర్తులు కొన్ని మాయమవుతాయి, మిగిలినవి మామూలు లైన్లోకి దిగిపోతాయి. మా షాపులో రోజూ చూసేదే.

తెలుగు మాటలో అక్షరం ఎగిరిపోతే ప్రూఫ్ చూసేవాళ్ల కన్ను పట్టేస్తుంది. ఇక్కడ పట్టదు. ప్లస్ పోయిన ఎన్‌ఓ కూడా నిజంగా ఉన్న వాయువే, నైట్రిక్ ఆక్సైడ్.

లైన్లోకి దిగిపోయే అంకెలు ఇంకా ప్రమాదం. ఎన్ పక్కన 3, మైనస్ రెండూ పైన ఉంటే అది నైట్రైడ్. ఏడుకు మూడు కలిపి 10, నియాన్‌తో సమానం. 3 కింద, మైనస్ పైన ఉంటే అజైడ్. మూడు నైట్రోజన్లకు ఏడేసి చొప్పున ఇరవై ఒకటి, ఇంకొకటి కలిపితే 22, కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మీ పేజీలో రెండూ ఒకేలా అచ్చవుతున్నాయి. ఓ పక్కన 2, మైనస్ వచ్చినా ఇదే తంటా. రెండూ పైన ఉంటే ఆక్సైడ్, 10 ఎలక్ట్రాన్లు. 2 కిందికి వస్తే సూపర్ ఆక్సైడ్, 17.

అందరు పిల్లలూ అడగరు లెండి. నైట్రోజన్, సీఓ, ఎన్‌ఓ, సీఎన్ ఒక బ్యాచ్ అని బట్టీ కొట్టినవాళ్లకు ప్లస్ ఉన్నా లేకపోయినా ఒకటే, టిక్కు పెట్టేసి వెళ్లిపోతారు. కూర్చుని లెక్కపెట్టేవాళ్లకే టెన్షన్. తమకే రాదేమో అనుకుంటారు.

అందుకని నా మనవి. పేజీ ప్రెస్‌కు వెళ్లే ముందు కెమిస్ట్రీ తెలిసిన ఒకరితో ఫార్ములాలు చూపించండి. కుదరని రోజు ఫార్ములా పక్కనే నైట్రైడ్ అయాన్, అజైడ్ అయాన్ అని పేరు వేయండి, అంకె ఎటు జారినా పిల్లలు తెలుసుకుంటారు. కీలో ఉత్తి ఆప్షన్ నంబరు కాకుండా, సీఎన్ మైనస్‌కు 6, 7, ఇంకో 1, మొత్తం 14 అని ఒక్క లైను లెక్క ఇస్తే తప్పు ఎక్కడ దొర్లిందో వాళ్లే పట్టుకోగలరు. పైన చెప్పిన బిట్టుకు మాత్రం వచ్చే వారం పేజీలో సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
బ్రాడీపేట, గుంటూరు