వాలంటీర్లను కూర్చోబెడితే చాలదు, వాళ్ళ వెనక ఒకరుండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఎక్కడ ఆత్మహత్య వార్త వచ్చినా, మర్నాటికల్లా ఎవరో ఒకరు కౌన్సెలింగ్ కేంద్రం పెట్టాలని ప్రకటన ఇస్తారు. కొన్నిచోట్ల పెడుతున్నారు కూడా. సంఘం భవనంలో ఒక గది, నాలుగు కుర్చీలు, గోడకి ఒక బ్యానరు, జీతం అడగని వాలంటీర్లు. బరంపురంలో అలాంటి చిన్న కేంద్రంలోనే నేనూ కొంతకాలంగా కూర్చుంటున్నాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. గది కోసం, బ్యానరు కోసం మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. గోపాల్‌పూర్ తీరంలోని జాలరి పేటల వాళ్ళు, పట్నంలో చిన్న చిన్న దుకాణాల వాళ్ళు, గజపతి జిల్లా పల్లెల నుంచి ఇక్కడికి పనికి వచ్చినవాళ్ళు. బజారులో ఒడియా గడగడా మాట్లాడే మనిషి కూడా ఇంట్లో బాధ చెప్పుకునేటప్పుడు తెలుగులోకి వచ్చేస్తాడు. వచ్చినవాళ్ళెవరూ మనసు బాగాలేదని మొదలుపెట్టరు. "నిద్దర పట్టదమ్మా", "గుండె దడదడలాడతాది", "ఒళ్ళంతా మంటలు" అంటారు. కొందరు అప్పటికే గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని ఉంటారు. తాయెత్తు విప్పమని మేం చెప్పం. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దని మాత్రం చెబుతాం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. రుషికుల్య నది కడలిలో కలిసే చోట తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే నెలాఖరు వరకు ఇంకో నిషేధం ఉంటుంది. చేపలూ బతకాలి, తాబేళ్ళూ బతకాలి, కాదనను. కానీ వేట లేని రోజుల్లో ఆ పేటల్లో అప్పు, తాగుడు, ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మగవాళ్ళు సూరత్ మరమగ్గాలకు వలస పోయిన ఊళ్ళలో తీరు వేరు. డబ్బు అందుతుంది, మనిషి ఫోన్లోనే ఉంటాడు. పిల్లలు, అత్తమామలు, చీటీ వాయిదాలు అన్నీ ఒక్క ఆడమనిషి నెత్తిన. ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో తల్లిదండ్రులే పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, పిల్లల కంటే వాళ్ళకే టెన్షన్ ఎక్కువ.

నిపుణులు కాని మామూలు మనుషులు ఇలాంటివాళ్ళకు సాయపడగలరా అని అడిగేవాళ్ళున్నారు. పడగలరు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్థానికులకే శిక్షణ ఇచ్చి కుంగుబాటు ఉన్నవాళ్ళతో, అతిగా తాగేవాళ్ళతో మాట్లాడించారు. ఆ మాటల సాయం పనిచేసిందని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన రెండు అధ్యయనాలు చెప్పాయి. అయితే అక్కడ వాళ్ళను తమ ఖర్మానికి వదిలెయ్యలేదు. మాట్లాడినది అనుమతితో రికార్డు చేశారు, తోటివాళ్ళంతా వారం వారం కూర్చుని విన్నారు, ఎక్కడ బాగా మాట్లాడారో ఎక్కడ తడబడ్డారో మార్కులు వేసి చెప్పుకున్నారు. మనవాళ్ళు గోవా పేరు చెప్పేటప్పుడు ఈ సగం మింగేస్తారు.

ఇక్కడ జరిగేది ఒక్కరోజు శిక్షణ, మధ్యలో టీ, సాయంత్రం సర్టిఫికెట్. మర్నాడే ఒకావిడ వచ్చి, చచ్చిపోవాలనిపిస్తోందని మెల్లగా అంటుంది. ఆ పూట వాలంటీరు ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళమని చెప్పడం సులువే. పేట నుంచి ఒంటరిగా రావాలి, ఒక రోజు కూలి పోవాలి, ఓపీ లైన్లో నిలబడాలి, ఇంట్లో ఏదో అబద్ధం చెప్పాలి. వెంట ఒక మనిషి వెళ్ళకపోతే ఆమె ఆసుపత్రి గేటు దాకా కూడా చేరదు.

విన్నవాటిని వాలంటీరు ఇంట్లో చెప్పుకోకూడదు. రాత్రి అవే చెవిలో మోగుతుంటాయి. చెప్పుకోవడానికి పైన ఒక నిపుణుడు ఉంటే ఆ బరువు కొంత దిగుతుంది, లేకపోతే మానేస్తారు. మానేసిన వాళ్ళను నేను తప్పు పట్టను. నాకు భయం మానెయ్యని కొందరిని చూస్తేనే. కుర్చీలో కూర్చోగానే పెద్దమనిషి పంచాయితీ మొదలుపెట్టి, మొగుడు కొట్టిన మనిషికి "సర్దుకుపో తల్లీ" అని చెప్పి పంపేవాళ్ళు వీళ్ళు. రిటైరైన మా తరం వాళ్ళలో ఈ జబ్బు మరీ ఎక్కువ. ఉచితంగా సేవ చేస్తున్నారు కదా అని వాళ్ళనెవరూ ఏమీ అనరు.

గుట్టు విషయం ఇంకొకటి. తెలుగు వీధుల్లో ఎవరిని కదిపినా ఎక్కడో ఒక చుట్టరికం తగులుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. బ్యానరు కట్టిన గదిలోకి వెళ్ళడమే నలుగురికీ చాటింపు అయినప్పుడు ఇక గోప్యం ఎక్కడిది? బీపీ చూసే చోటే, ఆరోగ్య ఉపకేంద్రంలోనే, పక్క గదిలో పెడితే ఎవరు ఎందుకు వచ్చారో తెలియదు. ఆత్మహత్యాయత్నం చేస్తే పోలీసు కేసు అవుతుందన్న భయం కూడా పేటల్లో ఇంకా ఉంది. తీవ్రమైన ఒత్తిడిలో చేసిన పనిగా భావించాలని, శిక్షించకూడదని, ఆ మనిషికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదేనని ఆ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. మా గోడ మీద బ్యానరు బదులు ఈ ముక్క తెలుగులో, ఒడియాలో రాయిస్తే బాగుండును.

మనసు బాగాలేనివాళ్ళు మాట్లాడుకోవడానికి 14416 అనే ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది కదా అంటారు. 2022 అక్టోబరులో టెలి మానస్ పేరుతో మొదలైన ఆ సేవ మంచిదే. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మేమూ ఆ నంబరు అందరికీ రాసిస్తాం. కానీ ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఫోన్ పట్టుకుని ఆమె ఏం చెప్పుకుంటుంది?

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సరిహద్దు జిల్లాల బడుల్లో ఇది అమలు చెయ్యబోయి, దొరికిన వాలంటీర్లనే ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి లెక్క చూపిస్తారేమోనని నా అనుమానం.

1996లో మొదలైన ప్రభుత్వ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉండనే ఉంది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మద్యం సమస్య ఉన్న వందమందిలో 86 మందికి చికిత్స అందడం లేదని తేలింది. నిపుణులు ఉన్న కొద్దిమందీ ఆసుపత్రి దాటి రాలేరు, నిజమే. వారంలో ఒక్క పూట ఆ కార్యక్రమం సైకాలజిస్టు ఒకరు మా వాలంటీర్లతో కూర్చుంటే చాలు. అత్యవసరానికి ఫోన్ ఎత్తే ఒక మనిషి పేరు, నంబరు ఇవ్వండి. పేటల్లోని తెలుగు ఆడవాళ్ళనే ఎంచి నెలరోజులైనా శిక్షణ ఇవ్వండి, ఉపదేశాలు చేసేవాళ్ళను మొదట్లోనే వడకట్టండి. రోగి వెంట ఆసుపత్రికి వెళ్ళినరోజు ఆటో ఛార్జీ, కూలి ఇవ్వండి. వాలంటీరునని చెబితే శ్రీకాకుళంలోని మా చుట్టాలు "నెలకి అయిదు వేలు వస్తాయా?" అని అడిగారు. అంత అక్కర్లేదు గానీ, పేటలో చేపలు ఎండబెట్టి బతికే మనిషి చేతి డబ్బు పెట్టుకుని సేవ చెయ్యాలనడం న్యాయం కాదు.

వచ్చే ఏప్రిల్ 15న పడవలు ఒడ్డుకు చేరేలోపు జిల్లా అధికారులు కనీసం ఆ ఫోన్ నంబరైనా మా చేతికిస్తే, ఆ రెండు నెలలూ మేం ఎలాగో నెట్టుకొస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా