మిత్రదేశానికి యుద్ధం ముంచుకొస్తే: పిల్లల చర్చ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శుక్రవారం పదో తరగతి సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో టీచరుగారు పిల్లలను ఒక ప్రశ్న అడిగారు: మన మిత్రదేశం మీదికి యుద్ధం ముంచుకొస్తుంటే మనం అండగా నిలవాలా, మన పని మనం చూసుకోవాలా? ఆ చర్చ తరగతి గదిలోనే ఆగిపోకూడదనిపించి, ఈ నెల వార్తాలేఖను దీనికే కేటాయిస్తున్నాను.

మొదట చాలామంది "వాళ్ల గొడవ మనకెందుకండీ" అన్నారు. అప్పుడు, తల్లి కువైట్‌లో పనిచేస్తున్న ఒక అమ్మాయి లేచి, "అక్కడ యుద్ధమొస్తే మా అమ్మ ఎలా వస్తుందండీ?" అని అడిగింది. గది అంతా నిశ్శబ్దమైపోయింది. గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి కోనసీమలో అరుదు కదా. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలవగానే మన వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగింది. అంతకు ఎంతో ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు మన పక్కనున్న కాకినాడ మీదే బాంబులు వేశాయి.

మిత్రదేశానికి అండగా నిలవాలనే నా అభిప్రాయం. అయితే ఆ అండ ఎంతవరకో ముందే తేల్చి చెప్పాలి, చెప్పినంత చేసి తీరాలి.

1971 ఆగస్టు 9న మనం సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలో, ఏ పక్షానికి దాడి ముప్పు వచ్చినా ఇద్దరూ వెంటనే సంప్రదించుకోవాలని రాసుకున్నారే తప్ప సైన్యాన్ని పంపుతామని ఎవరూ రాయలేదు. ఆ డిసెంబరులో యుద్ధం వచ్చినప్పుడు సోవియట్ సైనికులు మన పక్కన నిలబడి పోరాడలేదు. కానీ భద్రతా మండలిలో మనకు ప్రతికూలమైన తీర్మానాలను వారు వీటోతో ఆపారు, మనకు కావలసినదీ అదే. ఉక్రెయిన్ విషయం వేరు. 1994లో బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యాలు దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు చేశాయి, ఆ మాట మీద ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వస్త్రాలను వదులుకుంది. మాట తప్పితే మిగతావారు ఏం చేయాలో ఆ కాగితంలో స్పష్టంగా లేదు. 2014లో సంతకం చేసిన రష్యాయే క్రిమియాను కలుపుకుంది.

1986 ఆగస్టు వరద నాకు బాగా గుర్తు. పక్క ఊరి ఏటిగట్టు జారుతోందని అర్ధరాత్రి కబురొచ్చింది. మా నాన్నగారు పెట్రోమాక్స్ దీపం వెలుగులో మా గట్టుకు ఎంతమంది కావాలో లెక్క చూసుకుని, "ఇరవై మందిమి వస్తున్నాం" అని కబురంపి, సరిగ్గా ఇరవై మందితో ఇసుక బస్తాలు మోయడానికి వెళ్లారు. యాభై మందని చెప్పి ఇరవై మందే వెళ్లి ఉంటే, అక్కడివాళ్లు ఆ ముప్పై మంది కోసం చూస్తూ గట్టు ఒక పక్క వదిలేసేవారని తరువాత ఆయనే నాకు చెప్పారు.

సైన్యాన్ని పంపడం మాత్రం ఆఖరి మాట కావాలి. 1987లో శ్రీలంకకు శాంతి కోసమని వెళ్లిన మన దళం 1990లో తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుంది. పిల్లలకు ఈ సంగతి కూడా దాచకుండా చెప్పాం.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఈ చర్చ మళ్లీ జరుగుతుంది. 1990లో కువైట్ నుంచి తిరిగివచ్చినవారు మీ ఇంట్లో ఉంటే దయచేసి వారిని తీసుకురండి. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న తల్లిదండ్రులు తమ మాటను ఫోనులో రికార్డు చేసి తరగతి ఉపాధ్యాయులకు పంపితే పిల్లలకు వినిపిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు